ఎల్లారెడ్డిలో నేనెత్తలేని గుండు

నాకప్పుడు పదహారేళ్ళు. మాచారెడ్డి దగ్గరి మా ఊళ్ళో పెద్ద బడి లేక, కామారెడ్డిలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. చదువు పేరుకే గాని నా ప్రాణమంతా తాలీంలో, కుస్తీ కసరత్తులు నేర్పే చోట, ఉండేది. స్టేషన్ దారికి కాస్త ఎడంగా ఒక రేకుల కొట్టం, అందులో ఎర్రమట్టి పోసిన గోదా, గోడ పొడుగునా భుజబలానికి తిప్పే కర్ర ముద్గర్లు, ఒక మూల నాలుగు రాతిగుండ్లు. తెల్లవారకముందే అక్కడికి పోయి దండీలు, బస్కీలు తీసి, ఒళ్ళు కడుక్కుని బడికి పోయేవాళ్ళం.

మాకు నేర్పే మనిషిని ఉస్తాద్ అనేవాళ్ళం. ఒకప్పుడు ఫౌజులో పనిచేసి వచ్చాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా తప్పు చేస్తే దగ్గరికి వచ్చి, తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ రెండు వేళ్ళతో తట్టేవాడు. నడుమైతే నడుము మీద, మోకాలైతే మోకాలి మీద.

గుండు ఎత్తడం ఒట్టి బలంతో అయ్యే పని అనుకుని పోయాను. మొదటి ఆర్నెల్లూ ఆయన నన్ను గుండును ముట్టుకోనివ్వలేదు. గోనెసంచిలో ఇసుక కుట్టించి ఇచ్చాడు. దాన్ని నేల మీంచి తొడల మీదికి, తొడల మీంచి రొమ్ముకు, రొమ్ము నుంచి భుజానికి తేవడం నేర్పాడు.

"గుంజకు. దాన్ని నీ మీదికి రానియ్యి," అనేవాడు. "తొడల మీదికొచ్చినంక ఒక్క శ్వాస దీస్కో. ఆగమాగం జేసినోడే పడగొట్టుకుంటడు."

తాలీంలో మమ్మల్ని ఇద్దరిద్దరిగా జోడీ కట్టేవారు. ఒకడు దండీలు తీస్తుంటే రెండోవాడు లెక్కపెట్టాలి. నా జోడీ బట్టలు కుట్టే ఇంటి పిల్లవాడు, నాకన్నా కొంచెం పెద్ద. నానబెట్టిన శనగలు ఇద్దరం ఒకే గిన్నెలోంచి తినేవాళ్ళం. నాకు జ్వరమొస్తే బడికి పోకుండా మామ ఇంట్లో నా పక్కనే కూర్చునేవాడు. సొంత అన్నదమ్ములు లేని నాకు వాడే అన్నీ.

ఎల్లారెడ్డి జాతరలో ఏటా గుండ్లు ఎత్తే పోటీ జరిగేది. చుట్టుపక్కల తాలీంల నుంచి ఒక్కొక్కరినే పంపాలి. మీసం రాని పిల్లలకు వేరే గుండు పెట్టేవారు. ఆ ఏడు ఉస్తాద్ అందరి ముందూ నా వీపు మీద చెయ్యేసి, "ఎల్లారెడ్డికి వీడు పోతడు," అన్నాడు. తాలీంకు వచ్చే ఊరి దొర మేనల్లుడు కూడా ఆ పొద్దు అక్కడే ఉన్నాడు. మంచి ఒడ్డూపొడుగూ ఉన్నవాడే గాని వారానికి రెండు రోజులు వస్తే ఎక్కువ. వాడు చేతిలోని ముద్గర్‌ను గోడకు ఆనించి బయటికి పోయాడు.

మేం బయలుదేరవలసిన రోజు తెల్లవారుతుండగా నా జోడీ మామ ఇంటికి వచ్చాడు. నేను అప్పటికే లంగోటి, కండువా మూట కట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను.

"మీ ఊరి మనిషొచ్చి ఉస్తాద్‌కు చెప్పిపోయిండట," అన్నాడు. "మీ అవ్వకు పానం బాగలేదట. నిన్ను జల్ది రమ్మన్నరట."

"ఎప్పుడొచ్చిండు? ఏమైందట?"

"ఇప్పుడే. ఏమైందో నాకు జెప్పలే. నువ్వైతే నడువు."

"మరి ఎల్లారెడ్డి?"

"అవ్వకన్న గుండెక్కువనా నీకు?"

కన్నతల్లి మాట ఎత్తేసరికి నాకు సిగ్గేసింది. మూట అరుగు మీదే పడేసి తూర్పు దారి పట్టాను.

మా ఊరు ఆరు కోసులు, పన్నెండు మైళ్ళ దూరం. సగం నడిచాను, సగం పరుగెత్తాను. ఊరి చివర ఎవరైనా ఎదురైతే ఏం వినవలసి వస్తుందోనని పొలాలకు అడ్డంపడి పోయాను. మా కల్లం దగ్గరికి వచ్చేసరికి అవ్వ చాట పైకెత్తి వడ్లు తూర్పారపడుతోంది. తలకు గుడ్డ కట్టుకుని, నిండు ఆరోగ్యంగా ఉంది.

"ఏంది బిడ్డా, ఎల్లారెడ్డికి పోవాల్నంటివి గదా. గిట్లొచ్చినవ్?"

"నీకు పానం బాగలేదన్నరు."

"నాకేమైంది? ఎవలన్నరు?"

నేను వడ్ల పక్కన కూలబడ్డాను. అవ్వ చాట కింద పెట్టి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, నాకే ఏదో అయిందనుకుని. బాపు వచ్చి విని, "ఎవల కబురో ఎవలకో జెప్పి ఉంటరు తియ్యి," అన్నాడు. నేనూ అదే నమ్మాను. నిజంగానే నమ్మాను. ఆ రోజు సాయంత్రం దాకా నా మీద కుట్ర జరిగిందన్న ఆలోచనే రాలేదు. అవ్వ బలవంతాన నాలుగు ముద్దలు తినిపిస్తే తిని, వెంటనే వెనక్కి తిరిగాను.

పొద్దుగూకే వేళకు కామారెడ్డి చేరాను. తాలీంలో గోదాకు నీళ్ళు చల్లే ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

"నువ్వు ఊరికి పోతవని అన్నరు గదా," అన్నాడు. "బండ్లు పొద్దుగాలనే పోయినయ్. దొర మేనల్లుడు గుండెత్తుతడట."

"పొద్దున అనుకున్నరా?"

"పొద్దునెందుకు? నిన్ననే అనుకున్నరు. దొర గుమస్తా వచ్చి మాట్లాడిపోయిండు."

నిన్న. కబురు తెచ్చిన మనిషి ఈ పొద్దున వచ్చాడని కదా నాకు చెప్పింది. ముసలాయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, నాకు వినబడలేదు. ఉస్తాద్ చేసింది ఒక ఎత్తు. నా జోడీ నా మొహం మీద మా అవ్వ పేరెత్తి చెప్పింది ఇంకో ఎత్తు.

మామకు కూడా చెప్పకుండా ఎల్లారెడ్డి దారి పట్టాను. కొంతదూరం మక్కజొన్నల బండి ఒకటి ఎక్కించుకుంది. మిగతాదంతా నడకే. మర్నాడు మధ్యాహ్నానికి జాతర చేరేటప్పటికి నా కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. అప్పుడే పిల్లల పోటీ ముగిసింది. దొర మేనల్లుడి తలకు పాగా చుడుతున్నారు. వాడు గుండును భుజం దాకా తెచ్చాడట. నిజమే చెప్పాలి, వాడికి ఆ బలం ఉంది.

ఉస్తాద్ నన్ను చూశాడు. జనాన్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా, "అవ్వకెట్లున్నది బిడ్డా?" అని అడిగాడు.

ఎంత ఆప్యాయంగా అడిగాడంటే, ఒక్క క్షణం ఆయనకేమీ తెలియదేమో అనిపించింది. "మంచిగనే ఉన్నది," అన్నాను.

"దేవుని దయ," అన్నాడు.

పోటీ అయ్యాక గుండును ఎవరైనా ఎత్తి చూడవచ్చు. నేను చొక్కా విప్పాను. "ఇప్పుడొద్దు," అన్నాడు ఉస్తాద్. నేను వినలేదు. వంగి గుండును కావలించుకున్నాను. తొడల మీదికి వచ్చింది. శ్వాస తీసుకోబోతే తొడలు వణికాయి. గుండు జారి మట్టిలో పడింది. రెండోసారి మోకాళ్ళ దాకా కూడా రాలేదు. మా బండ్లలో వచ్చినవాళ్ళలో ఒకాయన, "మంచిగైంది వీణ్ణి తేకపోయింది," అన్నాడు. ఇంకెవరో నవ్వారు. నేను ఎంత దూరం నడిచి వచ్చానో వాళ్ళకు తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఉస్తాద్ గుండు వైపు, నా జోడీ నేల వైపు చూస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో బండి ఎక్కమంటే ఎక్కలేదు. నా జోడీ కూడా బండి దిగి నా వెనకే నడిచాడు. నేనే అడిగాను.

"అబద్ధమని నీకెరికేనా?"

"ఎరికే."

"మరెందుకు జెప్పినవ్?"

"ఉస్తాద్ జెప్పమన్నడు." కొంచెం దూరం నడిచాక మిగతాది చెప్పాడు. "మల్లొచ్చే ఏడు నన్ను పంపుతనన్నడు."

నేను కొడతానని వాడు ఎదురుచూశాడనుకుంటాను. నాకు చెయ్యి లేవలేదు. వాడితో నేను మాట్లాడిన చివరి మాటలు అవే.

రెండు రోజుల తర్వాత నా ముద్గర్లు తెచ్చుకోవడానికి తాలీంకు పోయాను. ఉస్తాద్ గోదా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. దాచలేదు, దబాయించలేదు.

"గీ జాగ దొరది," అన్నాడు. "తన మేనల్లుణ్ణి పంపకుంటే కొట్టం ఖాళీ చెయ్యమన్నడు. నలభై మంది పోరగాండ్లను ఏడికి తీస్కపోవాలె?"

"నాకు జెప్పొచ్చు గదా. నేనే ఆగుదును."

"ఆగుదువా?"

ఆగేవాణ్ణో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆ మాట చెప్పే అవకాశం నాకు ఉండవలసింది. ఒక కష్టం పంచుకునేంత మనిషిని కాదనుకున్నాడు, ఏమార్చి పంపేంత పసివాణ్ణనుకున్నాడు. ఏడాదిన్నర రోజూ నా వెన్నెముకను వేళ్ళతో తట్టి చూసిన మనిషికి నేను అంతేనా అనిపించింది. ముద్గర్లు తీసుకోకుండానే వచ్చేశాను. ఆ ఎండాకాలం చదువు కూడా మానేసి మా ఊరికి పోయాను. మరుసటి ఏడు కూడా ఎల్లారెడ్డికి దొర మేనల్లుడే పోయాడని, నా జోడీ తాలీం మానేశాడని విన్నాను. సంతోషించాలని చూశాను గాని సంతోషం రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన తర్వాత, మీసాలొచ్చిన వయసులో, చుట్టపు చూపుగా పిట్లం పోయాను. అక్కడి జాతరలో పెద్ద గుండు పెట్టారు. ఏ తాలీం తరఫునా కాకుండా ఒంటరిగా దిగాను. గుండు తొడల మీదికొచ్చాక ఒక్క శ్వాస తీసుకున్నాను. అది రొమ్ముకు వచ్చింది, భుజానికి వచ్చింది. భుజం మీంచి వెనక్కి వదిలాను. అంత బరువు ఆ రోజు ఇంకెవరూ ఎత్తలేదు.

అక్కడొక పద్ధతి ఉంది. గెలిచినవాడు తానెవరి శిష్యుడో, తన ఉస్తాద్ ఎవరో చెప్పాలి, పాగా ముందు ఆయన పేరు మీద ఎత్తి చూపి తర్వాత గెలిచినవాడికి చుడతారు. పెద్దమనిషి పాగా చేతిలో పట్టుకుని అడిగాడు.

"ఎవల శాగిర్ద్‌వు బిడ్డా?"

"ఎవల శాగిర్ద్‌ను గాను," అన్నాను. "నాకు ఉస్తాద్ లేడు."

ఆయన నా వైపు అనుమానంగా చూశాడు. నడుము వంచిన తీరు, కాళ్ళు పెట్టిన తీరు చూసిన ఎవరికైనా అది అబద్ధమని తెలుస్తుంది. అయినా పాగాను ఎవరి పేరు మీదా ఎత్తకుండానే నా తలకు చుట్టాడు.

ఆ మాట నెల తిరగకముందే కామారెడ్డికి చేరిందని మామ చెప్పాడు. విని ఉస్తాద్ ఏమన్నాడో నేను అడగలేదు.