గొంతు పోయిన దళారి

మా బావ పోయాడని గురువారం పొద్దున పెనుకొండ నుంచి ధర్మవరానికి మనిషి వచ్చి చెప్పాడు. మా అక్క భర్త ఆయన. పోయి మట్టి చేసి వచ్చాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

బావ హిందూపురం ఎద్దుల సంతలో దళారి. ఈ చివర అరిస్తే ఆ చివర వినిపించేది. ముసలి ఎద్దును కోడె అని నమ్మించి అమ్మేవాడు. పదేళ్ల కిందట ఆ గొంతులోనే పుండు లేచింది. మద్రాసు డాక్టర్లు క్యాన్సర్ అన్నారు, మేము రాచపుండు అంటాము. గొంతు కోసి ప్రాణం నిలిపారు. మాట పోయింది. పెదవులు కదిపితే అక్క చూసి మాకు చెప్పేది.

ఆయన్ను చూడ్డానికి పోయి పదిమందిలో అన్నాను: "దళారికి గొంతు పోతే ఇంకేముంది బావా. మా చేనికి కావలి కూర్చో, కూడు పెడతా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వేసవంతా గడప దాటలేదు.

"పుండు మానింది గానీ నీ మాట ఇంకా మండుతాండాదిరా ఆయనకు," అంది అక్క.

వానలు పడ్డాక ఒక సంతరోజు తువాలు భుజాన వేసుకుని రైలెక్కాడు. ఆరోజు సంతలో నా ఎద్దులూ అమ్మకానికి ఉన్నాయి. రొళ్ల ఊరి రైతు ఒకాయన బేరానికి వచ్చాడు. సంతలో ధర నోటితో చెప్పరు, తువాలు కింద చేయి పట్టుకుని వేళ్లతో చెబుతారు. బావ తువాలు కప్పి ఆయన చేయి పట్టాడు. దళారితనం గొంతులో ఉంటుందనుకున్న నేను అలా చూస్తూ నిలబడ్డాను. అంతలో బావ వంగి నా ఎద్దు వెనక కాలెత్తి, నేను మట్టి పూసి దాచిన గిట్ట పగులు చూపించాడు.

"నువ్వు యావరి పక్క బావా?" అన్నాను.

రైతు నవ్వాడు. "అరిసేవాళ్లు శానామంది ఉండారప్పా ఈడ. కాలెత్తి చూపేవాడు ఈయనొక్కడే." ధర తగ్గించే తోలుకుపోయాడు.

ఆ కోపంతో ఏడాది పాటు నేను బావ వాళ్లింటి గడప తొక్కలేదు. మళ్లీ నేను వాళ్లింటికి వెళ్లిన రోజు ఆయన పెదవులు కదిపితే అక్క చెప్పింది: "గొంతు ఉన్నన్నాళ్లూ ఎద్దును సరిగ్గా చూడనేలేదంట. అరిసేదానికే పొద్దు చాల్లేదంట."

తప్పు నాదే బావా అనాల్సింది. అనలేదు. ఆయన పోయేదాకా అనలేదు.

నిన్న ఏ పనీ లేకుండానే సంతకు పోయాను. బావ కూర్చునే చోట ఒక ఎద్దుల జతతో ఇద్దరు నిలబడి ఉన్నారు, అమ్మేవాడొకడు, కొనేవాడొకడు. వేరే దళారులు వచ్చి పిలిస్తే తల అడ్డంగా ఊపుతున్నారు.

"ఆయన ఇంక రాడప్పా. పోయినాడు," అన్నాను.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎద్దులను మాత్రం అక్కడి నుంచి కదిలించలేదు.