గొంతుక్కూర్చోమన్నాను

మా ఆయన చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసేవారు. ఆ వానాకాలం చెట్టు సగం దిగాక పట్టు జారి కిందపడ్డారు. మోకాలు గట్టు రాయికి కొట్టుకుంది. సాయంత్రానికి ఉబ్బి చర్మం నున్నగా మెరిసింది. మా అత్తగారు ఆముదం ఆకు వెచ్చచేసి కట్టారు.

మర్నాడు ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ డాక్టరుగారు వచ్చారు. తోట కామందు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఒక్క దింపు తప్పితే ఆ చెట్లు ఇంకొకరి చేతికి పోతాయి.

"నడవగలవేంటోయ్?" అన్నారు డాక్టరుగారు.

"ఆయ్, పరిగెత్తమన్నా పరిగెడతానండి."

నవ్వుతూనే అరుగు ఆ చివరిదాకా నడిచారు. మెడ మీద చెమట నాకు కనిపించింది.

"నడిచేడు కదండీ! ఎముక్కేం కాలేదు, ఎక్స్‌రే ఎందుకండీ" అన్నారు కామందు.

డాక్టరుగారు సంచి మూయబోయారు. ముందు రాత్రి మా ఆయన పీట మీద కూర్చోలేక గోడకానుకుని నిలబడే అన్నం తిన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. చెబితే చెట్లు పోతాయి. చెప్పకపోతే? పక్క వీధిలో ఒకాయన ఇలాగే తిరిగి తిరిగి, చివరికి కర్ర పట్టుకున్నారు.

"గొంతుక్కూర్చోమనండి" అన్నాను తలుపు చాటు నుంచి. ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ అన్నాను.

మా ఆయన నావైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కూర్చోబోయారు. మోకాలు సగం కూడా వంగలేదు. డాక్టరుగారు చిప్ప మీద వేలితో నొక్కగానే కేక పెట్టారు.

"అమ్మో, ఇది ఫోటో తీయించాల్సిందేనండి. అమలాపురం తీసుకెళ్ళండి. ఇంక అడుగు వెయ్యనివ్వకండి."

ఆటోలో ఆ కాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. గుంట వచ్చినప్పుడల్లా ఆయన పళ్ళు బిగించి, మొహం రోడ్డువైపు తిప్పుకున్నారు.

ఆసుపత్రిలో తడి ఫిలిం వెలుతురుకి ఎత్తి పట్టారు. అప్పటికి నాకు అక్షరాలు రావు. చిప్పకు అడ్డంగా ఉన్న సన్నటి గీత మాత్రం ఎవరూ చూపించకుండానే కనిపించింది.

"మళ్ళీ చెట్టెక్కొచ్చాండీ?" అని అడిగారాయన.

"ముందు కట్టు పడనియ్యవయ్యా" అన్నారు అక్కడి డాక్టరు.

తర్వాతి దింపుకి ఆ తోటలో వేరేవాళ్ళు ఎక్కారు. కాయ పడ్డ చప్పుడు మా ఇంట్లోకి వినిపించినప్పుడల్లా మంచం మీద ఆయన కళ్ళు మూసుకునేవారు. నేను పిండికట్టులోంచి బయటికున్న ఆ కాలివేళ్ళ వైపే చూస్తూ, ఆసుపత్రిలో చెప్పినట్టు కాస్త కదపమని అడిగేదాన్ని.