డప్పు కాచిన పెట్టె

రాయడం నాకిదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మొన్న అమెరికాలో క్యారీ ఊళ్లో తెలుగువాళ్ల పండగకి డప్పు కొట్టడానికి వెళ్లాను. స్టేజీ ఎక్కే ముందు చూస్తే ఏసీ చలికి డప్పు తోలు మెత్తబడి మోగడం లేదు.

"అమ్మా సుమా, కాస్త గడ్డి దొరికితే మంటేసి కాగబెడతా," అన్నాను, ప్రోగ్రాం చూసుకునే అమ్మాయితో.

"హాల్‌లో మంటా? అంకుల్, అలారం మోగి ఫైర్ ఇంజన్ వచ్చేస్తుంది!"

ఇంత దూరం పిలిపించినవాళ్ల ముందు పరువు పోతుందని డప్పుని అరచేత్తో గబగబా రుద్దడం మొదలుపెట్టాను.

నా తర్వాత పాత రాక్ పాటలు వాయించాల్సిన తెల్లజుట్టు అమెరికా ఆయన పక్కనే ఉన్నాడు. సుమని సంగతి అడిగి, నవ్వి, తన గిటార్ సౌండు పెట్టెని వెనక్కి తిప్పాడు. లోపల గాజు గొట్టాలు ఎర్రగా వెలుగుతున్నాయి. చెయ్యి పెడితే పొయ్యి సెగే.

"మొదట్లో రాక్ గిటార్లన్నీ ఇలాంటి పెట్టెల్లోంచే అరిచేవంట అంకుల్. ఇది కూడా వేడెక్కితేనే పలుకుద్దంట. డప్పు ఇక్కడ కాచుకోమంటున్నాడు," అంది సుమ.

ఆ సెగకి డప్పు తిప్పుతూ కూర్చున్నాను. కాసేపయ్యాక పుల్లతో కొడితే ఖంగుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇంకేదో అన్నాడు.

"మధ్యలో మెత్తబడితే మళ్లీ రమ్మంటున్నాడు అంకుల్. మీరు స్టేజీ దిగేదాకా పెట్టె స్విచ్ ఆపడంట."