హమ్రా కొండ ఎక్కిన ఫిద్దా

ఫిద్దాకు డెబ్బై దాటాయి. ఎన్ని దాటాయో ఆమెకే తెలియదు. ఆ రోజుల్లో వాదీ రమ్ ఎడారిలో మేకలు ఎప్పుడు ఈనాయో గుర్తుపెట్టుకునేవారు కానీ, ఆడపిల్లలు ఎప్పుడు పుట్టారో ఎవరికి కావాలి? మోకాళ్లు మొరాయిస్తున్నాయి, కళ్లు మాత్రం ఇంకా చురుకు. పొద్దున్నే గుమ్మం ముందు చాప వేసుకుని కూర్చుంటే ఎదురుగా హమ్రా కొండ. ఎండ పాకేకొద్దీ అది వంకాయ రంగులోంచి ఇటుక రంగుకు, ఇటుక రంగులోంచి కాలిన కుండ రంగుకు మారుతుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టి ఫొటోలు తీసుకుంటారు. ఫిద్దా చూసేది మాత్రం దాని మీద కిందినుంచి పైదాకా పాకిన ఒక్క చీలికనే. ఆ చీలికలోంచి మొట్టమొదట కొండ ఎక్కింది తనే.

ఈ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు ఫిద్దా, రెండోవాడు ఆమె అన్న ముఫ్లే.

అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లుంటాయి. మేక వెంట్రుకలతో నేసిన నల్ల డేరాలో పుట్టి, నీళ్లున్న చోటికల్లా ఆ డేరాతో పాటే తిరిగిన పిల్ల. మందలో షగ్రా అని ఒక ఎర్ర మేక ఉండేది, ఒట్టి పొగరుబోతు. ఒకనాడు అది చీలికలో దూరి అయిపు లేకుండా పోయింది. మేక లేకుండా ఇంటికి వెళ్తే అమ్మ వీపు చిట్లగొడుతుంది. కొండంటే ఉన్న భయం కంటే అమ్మంటే ఉన్న భయమే పెద్దది కాబట్టి, ఫిద్దా చెప్పులు విడిచి, అంగీ అంచులు నడుముకు దోపుకుని ఎక్కేసింది.

పైకి చేరేసరికి ఎర్ర రాయి అయిపోయి తెల్లటి గుండు రాళ్లు మొదలయ్యాయి. వాటి మధ్య గుంటలో నిరుటి వాన నీళ్లు. షగ్రా తాపీగా తాగుతోంది. ఫిద్దా దాన్ని తిట్టింది, కొట్టింది, ఆ తరవాత దాని పక్కనే మోకాళ్ల మీద వంగి తనూ తాగింది. తలెత్తి చూస్తే ఎర్ర ఇసుక, నల్ల కొండలు, వాటి వెనక ఇంకా కొండలు. తమ డేరా ఈగంత కూడా లేదు. ఇంత లోకాన్ని పైన దాచిపెట్టి తమకు చెప్పలేదేమని దేవుడి మీద కాస్త కోపం వచ్చింది. ఆ నీళ్ల రుచి ఇప్పటికీ ఆమె నాలుక మీద ఉంది. ఇంటికి కుళాయి వచ్చాక మాత్రం ఏ రోజూ దాహం సరిగ్గా తీరలేదని ఆమె ఫిర్యాదు.

మర్నాడు అన్నను తీసుకెళ్లింది. ఆమె కంటే రెండేళ్లు పెద్ద. ఆ శీతాకాలమంతా అన్నాచెల్లెళ్లిద్దరూ మేకల వంక పెట్టుకుని ఎన్నిసార్లు ఎక్కారో లెక్క లేదు. పైన పుల్లలేరి మంట వేసుకుని, బూడిదలో రొట్టె కాల్చుకుని, సగం ఇసుకతోనే తినేవారు. తన బతుకులో అంత సుఖపడ్డ కాలం మరొకటి లేదని ఫిద్దాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పదిహేడో ఏట పెళ్లి చేశారు. దాంతో కొండ ఎక్కడం సరి.

ఆ తరవాత పన్నెండు, పదమూడేళ్లకు తాళ్లూ ఇనప కొక్కేలూ పట్టుకుని ఇద్దరు విదేశీయులు దిగారు. కొండలు తెలిసిన మనిషి కావాలన్నారు. ముఫ్లే వాళ్లను చీలికలోంచి పైకి తీసుకెళ్లాడు. ఈ దారి కనిపెట్టిందెవరని పైన కూర్చుని అడిగారట. పరాయివాళ్ల ముందు చెల్లెలి పేరెత్తడమా? గొంతు కోసినా అక్కడి మగవాడికి నోరు రాదు. అడిగినవాడికి జవాబు చెప్పకపోవడమూ మర్యాద కాదు. ముఫ్లే నోట్లోంచి మేక పేరు ఊడిపడింది. తన మేక షగ్రా ఎక్కిందనీ, దాని వెనక తను ఎక్కాననీ చెప్పాడు. వాళ్లు రాసుకున్నారు. రెండేళ్లకు పుస్తకం అచ్చయింది. అందులో 'షగ్రా దారి' అని పేరూ, దాన్ని కనిపెట్టిన ముఫ్లే ఫొటో.

ఇక చూడాలి జనం. షగ్రా దారి ఎక్కుతామని ఎక్కడెక్కడినుంచో వచ్చేవారు. మేక అని చెబితే చప్పగా ఉంటుందని కుర్ర గైడ్లు షగ్రాను ప్రేమ కోసం కొండ మీంచి దూకిన రాజకుమారిని చేశారు. అన్న డేరాలో ఆడవాళ్ల వైపు తెర వెనక టీ కాస్తూ ఆ కథ విన్న రోజు ఫిద్దాకు నవ్వాగలేదు.

"ఆ రాజకుమారిని బక్రీదుకి కోసుకు తిన్నాం గదా, మర్చిపోయావా అన్నా?" అంది, అతిథులు వెళ్లాక.

ముఫ్లే కూడా నవ్వాడు. ఆ ఫొటో అన్నకు అన్నం పెడుతోంది, ఊళ్లో పెద్దరికం తెచ్చింది. అందులో తన ముఖం లేదని ఫిద్దా ఏ రోజూ నొచ్చుకోలేదు. నొచ్చుకోలేదనే నలభై ఏళ్లు అనుకుంది.

ఆమె కొడుకు కూతురు నౌఫ్‌కు ఇప్పుడు ఇరవై రెండేళ్లు. నడక వచ్చినప్పటినుంచీ రాళ్లమీదే ఉంది. తాళ్ల పని నేర్చుకుంది, మూడు భాషలు మాట్లాడుతుంది. ఊరి గైడ్ల సంఘంలో చేర్చుకోమని అడిగింది. సంఘానికి పెద్ద ముఫ్లేనే. పెద్దలందరూ కాసేపు గొణిగాక, తాతల కాలం నుంచీ మన ఆడవాళ్లెవరూ ఈ కొండలు ఎక్కలేదని, ఎక్కని చోటికి కొత్తగా ఎలా పంపుతామని ఆయనే అన్నాడట. శుక్రవారం చివరి మాట చెప్పేస్తామన్నారు. నౌఫ్ ఇంటికొచ్చి ఆ మాటలు అప్పజెప్పింది. ఏడవలేదు. తాడు చుట్టి, పెట్టెలో పెట్టి, తాళం వేసింది.

ఫిద్దాకు ఒళ్లు మండిపోయింది. పేరు పోతే పోయింది, అసలు తాను ఎక్కనే లేదంటాడా? ఆ శీతాకాలం, ఆ మంట, ఆ రొట్టె, అన్నీ ఉత్తవేనా?

శుక్రవారం నమాజు తరవాత ముఫ్లే డేరాలో పదిమంది పెద్దలు కూర్చున్నారు. ఫిద్దా కర్ర పొడుచుకుంటూ మగవాళ్ల వైపుకే వచ్చి, అన్నకు ఎదురుగా కూర్చుంది. ముసలాడవాళ్లకు ఆ మాత్రం చెల్లుతుంది. ముఫ్లే తన చేత్తోనే ఏలకుల కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె అందుకుని, తాగకుండా ఇసుకలో పెట్టింది.

అలా పెట్టిందంటే అడగాల్సింది ఉందన్నమాట. ఆ కోరిక తీర్చకుండా అతిథిని పంపిస్తే ఆ ఇంట్లో మరెవరూ కాఫీ తాగరు.

"తాగు చెల్లీ. తరవాత మాట్లాడుకుందాం," అన్నాడు ముఫ్లే. ఆమె ఏం అడగబోతోందో ఆయనకు అప్పటికే అర్థమైంది.

"ముందు వింటావా, వినవా?"

"చెప్పు."

"హమ్రా ముందు ఎవరెక్కారు? ఆ ఒక్క ముక్క వీళ్లందరి ముందూ చెప్పు. నాకింకేం వద్దు."

ముఫ్లే కాఫీ గిన్నె కింది నిప్పులు ఎగదోశాడు. నిజం చెబితే నలభై ఏళ్ల పెద్దరికం ఆ నిప్పుల్లో పడ్డట్టే. పుస్తకం అబద్ధం, ఫొటో అబద్ధం, మొన్న సంఘంలో ఆయన అన్న మాటా అబద్ధం. చెప్పకపోతే ఎదురుగా కూర్చున్న మనిషి ఇక తన గడప తొక్కదు. ఫిద్దాకు ఆ క్షణం అన్న మీద జాలేసింది. జాలేసినా కప్పు మాత్రం ముట్టుకోలేదు.

పూర్వం తెగల మధ్య పోట్లాటలు జరిగే రోజుల్లో, ముందుకురికే మగవాడు చెల్లెలి పేరు పెట్టి, నేను ఫలానా ఆమె అన్నను అని కేక వేసేవాడు. మామూలు రోజుల్లో నోటికి రాకూడని పేరు అక్కడ మాత్రం గౌరవం. ఆ కేక విని యాభై ఏళ్లయింది. ముఫ్లే డేరా గుంజ పట్టుకుని నెమ్మదిగా లేచాడు. చూపు ఎటో పెట్టి, గొంతెత్తి అన్నాడు:

"నేను ఫిద్దా అన్నని!"

ముసలివాళ్లకు అర్థమైంది. ఒకరి తరవాత ఒకరు లేచి నిలబడ్డారు. ముఫ్లే అలా నిలబడే మొత్తం చెప్పాడు, మేకతో సహా. అయితే ఆ రాజకుమారి మేకా అని ఒకాయన నొచ్చుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ కథ చెప్పి ఆయన చాలామందిని ఏడిపించాడు. నవ్వులు సద్దుమణిగాక నౌఫ్ పేరు చేర్చడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఫిద్దా చల్లారిన కాఫీ తాగి లేచింది.

మర్నాడు పొద్దున్న నౌఫ్ తాడు తీసుకుని హమ్రా దగ్గరికి బయలుదేరింది. నానమ్మ వెంట వెళ్లింది. చూస్తే ముఫ్లే ముందే వచ్చి రాయికి ఆనుకుని కూర్చున్నాడు. ఇద్దరు ముసలివాళ్లూ పక్కపక్కన కూర్చున్నారు. నౌఫ్ చీలిక దగ్గర తాడు విప్పుకుంటోంది.

"ఒకటి అడగనా?" అన్నాడు ముఫ్లే. "ఆ బొడిపె ఉంది చూడు, చీలిక మూసుకుపోయే చోట. మొదటిరోజు నువ్వు నడికట్టు వేలాడేసి నన్ను పైకి లాగావు. ఆ తరవాత ఎప్పుడూ నువ్వే ముందు ఎక్కి లాగేదానివి. అసలక్కడ నువ్వెలా ఎక్కేదానివో నాకు ఇప్పటికీ తెలీదు. నేనెప్పుడూ తాడు విసిరి వేలాడాల్సిందే. ఈ మోకాలు అక్కడ కొట్టుకునే పోయింది."

"నలభై ఏళ్లూ అలాగే ఎక్కావా?"

"మరి నిన్నెలా అడగను? నేనే కనిపెట్టానని చెప్పుకుంటిని గదా."

ఫిద్దా అన్న మోకాలి వంక చూసింది. అది ఎప్పుడూ వాచే ఉంటుంది. ఇన్నేళ్లూ దాన్ని వయసు అనుకుంది. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఎడం కాలు ముందు పెట్టాలి," అంది. "అంతే. అడిగుంటే ఆ రోజే చెప్పేదాన్ని కదా."