మూలపురుషుడి తల్లి

పక్కింటి కిటికీలోంచి వేడి నూనెలో ఉల్లికాడలు పడిన వాసన వస్తే, చేస్తున్న పని మీద నా చెయ్యి ఆగిపోతుంది. ఇప్పుడు వండేది యూన్. వాసన మాత్రం పోయిన వాళ్ళమ్మ లిన్ అక్కదే. నేను అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొత్తలో, తుంపరలో తడుస్తూ నడుస్తుంటే తన గొడుగులోకి లాక్కున్న మనిషి ఆవిడ. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక్కరికి సరిపోయేది. నన్ను "మేమే" అనేది. వాళ్ళ చీనా భాషలో చెల్లెలని అర్థమట. తలుపు దగ్గర "మేమే!" అని వినిపించగానే మా అల్లుడు లోపలినుంచి, "మీరేనని తెలుసు ఆంటీ, రండి!" అని నవ్వేవాడు.

ఒకసారి నా ఇంటిపేరు అడిగింది. చెప్పాను.

"నో నో, దట్ హస్బెండ్ నేమ్. యువర్ నేమ్?"

"మ్యారేజ్. చేంజ్," అన్నాను.

"వై చేంజ్? నేమ్ నాట్ కోట్!" అంది. వాళ్ళలో పెళ్ళయినా ఆడపిల్ల పుట్టింటి పేరు వదలదట. లిన్ అన్నది అక్క పుట్టింటి పేరే. తడివేలితో వరండా చెక్క మీద ఒక అక్షరం గీసింది. ఇటు సగం ఆడమనిషి, అటు సగం పుట్టుక. రెండూ కలిస్తే ఇంటిపేరు. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఆ ఒక్క చీనా అక్షరం ఈనాటికీ వచ్చు.

ఆ రోజుల్లోనే చైనాలో వాళ్ళాయన తరఫువాళ్ళు వంశావళిని మళ్ళీ అచ్చు వేస్తున్నారు. ఆయన అప్పటికే పోయాడు. ఉన్నది ఒక్క కూతురు. ఆ కొమ్మ తన తమ్ముడితోనే ఆగిపోతుందనీ, ఆడపిల్ల గనక యూన్ పేరు వేయరనీ అక్క బావగారు ఫోన్‌లో చెప్పాడు. నేను పక్కనే కూర్చుని అప్పాలు వత్తుతున్నాను. యూన్ ముఖం ఎర్రబడింది. అయినా ఫోన్‌లో ఇద్దరి మాటలూ చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో నాకు అందిస్తూనే ఉంది. లిన్ అక్క గొంతు పెంచలేదు.

"బావగారూ, మొదటి పేజీ తీయండి. ఎవరున్నారు?"

"మన మూలపురుషుడు, హౌజీ."

"ఆయన ఎలా పుట్టాడు?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడే చెప్పింది. జియాంగ్ యువాన్ అనే ఇల్లాలు పొలంలో పెద్ద దేవుడి అడుగుజాడ చూసి, ముచ్చటపడి అందులో కాలు పెట్టిందట. ఆ అడుగుతోనే కడుపు పండింది. ఇదేం పుట్టుకని భయపడి బిడ్డను సందులో వదిలేస్తే ఆవులూ గొర్రెలూ తొక్కకుండా తప్పుకున్నాయి. మంచుగడ్డ మీద వదిలేస్తే పక్షులు రెక్కలు కప్పాయి. తల్లి మళ్ళీ ఎత్తుకుంది. ఆ బిడ్డే పెరిగి లోకానికి కొర్రలు విత్తడం నేర్పాడు.

"ఆడవాళ్ళు లెక్కలోకి రాకపోతే ముందు ఆ పేజీ చించండి. తర్వాత నా కూతురి సంగతి మాట్లాడదాం."

"చించితే మనం ఎవరికి పుట్టినట్టమ్మా!" అన్నాడాయన.

"నేనూ అదే అడుగుతున్నాను."

కొత్త వంశావళి వచ్చింది. తండ్రి పేరు కింద యూన్ పేరు. తల్లిని కూడా ఒట్టి 'లిన్ ఇంటి ఆడపడుచు' అని సరిపెట్టకుండా పూర్తి పేరుతో వేశారు. ఆ పేజీ మీద వేలు పెట్టుకుని అక్క వీధంతా తిరిగింది. నా తోడబుట్టినదే గెలిచినట్టు నేనూ వెంట తిరిగాను.

మా ఇంట మగవాళ్ళ పేర్లు ఎన్ని తరాలవైనా గడగడా చెప్పగలను. ఇప్పుడు మనవరాలికి అమ్మల పేర్లు చెబుతున్నాను. నేను సీతమ్మ కూతుర్ని, సీతమ్మ అచ్చమ్మ కూతురు, అచ్చమ్మ వెంకాయమ్మ కూతురు. "అమ్మమ్మా, వెంకాయమ్మ హూజ్ కూతురు?" అంది పిల్ల. తెలియదు. వెంటనే ఊళ్ళో మా పిన్నికి ఫోన్ చేశాను. రత్తమ్మట. ఆ పేరు నోటితో పలికి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. మా పిల్ల మాత్రం తన అమెరికా యాసలో, వంటింట్లోకి రమ్మంటున్నట్టు, "రాటమ్మా!" అని గట్టిగా పిలిచింది.