రెండు వాలుగీతలు

మొన్న పాల్వంచ నుంచి మా బావగారు ఫోన్ చేసి, "మీ అక్క పోయిందమ్మా" అన్నారు. అక్క అంటే మా తోడికోడలు. వంటింట్లోనే గుండె ఆగిపోయిందట. ఖమ్మంలో బస్సెక్కి నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. "ముత్తైదువగా పోయింది, ఎంత అదృష్టం" అంటున్నారు ఆడవాళ్ళు. ఏడుస్తూనే నాకు కడుపు మండింది. ఇందులో కూడా ఈవిడదే పైచేయి!

నవ్వకండి. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన రోజు నుంచీ నాకు ఆవిడంటే కుళ్ళే. ఆవిడ పప్పుచారు పెడితే మా మామగారు మారు వడ్డించుకునేవారు. నేను పెట్టిన రోజు గబగబా మజ్జిగ అడిగేవారు. ఇద్దరం కంప్యూటర్లు నేర్చుకున్నాం. తొంభైల మొదట్లో పాల్వంచలోనే ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. అక్కడా పిల్లలందరికీ ఆవిడే ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం నేను ముందున్నాను. సెంటర్ నడిపే సారు పాఠాల పుస్తకం రాసే పని నాకిచ్చారు. పెద్ద జాబితాలో కావలసిన మాటను గుర్తులతో వెతకడం గురించి ఆ పుస్తకం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ అంటారు. అందులో చుక్క పెడితే ఏ అక్షరమైనా సరే అని అర్థం. నిజంగా చుక్కనే వెతకాలంటే దాని ముందు ఒక వాలుగీత పెట్టాలి. పుస్తకం కుదిరితే క్లాసు కూడా నాదేనన్నారు సారు. బోర్డు ముందు నిలబడాలని నాకు ఎంత ఆశో!

పుస్తకం పంచిన మొదటి రోజే కొంప మునిగింది. పిల్లలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే కొట్టారు. పేరులో చుక్క ఉన్నవాళ్ళు మాత్రమే రావాలి. జాబితా మొత్తం తెర మీద పరుగెత్తింది. "మేడమ్, గిది ఆగుతలేదు!" అని ఒకడు అరిచాడు. క్లాసంతా నవ్వు. నేను రాసింది సరిగ్గానే రాశాను, ఏమైందో అర్థం కాలేదు.

కనిపెట్టింది ఎవరనుకున్నారు? ఆవిడే. సాయంత్రం వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, అచ్చు కాగితాలు నా చేతికిచ్చి, నేను చేత్తో రాసిన ప్రతిని గట్టిగా చదివింది. "టోపీ, చుక్క, నక్షత్రం, వాలుగీత..." గుర్తులన్నిటికీ తనే పేర్లు పెట్టుకుంది. వాలుగీత దగ్గర నేను "అచ్చులో లేదు" అన్నాను. ఇంకో పేజీలోనూ లేదు.

"దొరికిందే పిల్లా! అచ్చు తీసే ప్రోగ్రాము గా గీతను తనకిచ్చిన ఆర్డరనుకొని మింగుతున్నది. రెండు పెట్టు. ఒకటి అది తింటది, ఒకటి మనకు మిగుల్తది."

"నాకూ తట్టేదే" అన్నాను.

"ఆఁ, తట్టేది. రేపు తెల్లారినంక!" అని పగలబడి నవ్వింది. వినయం మచ్చుకైనా లేదు.

పుస్తకమంతా కూర్చుని సరిచేసింది. సారు మెచ్చుకుని క్లాసు ఆవిడకే ఇచ్చేశారు. నా కళ్ళముందే "అవ్ సార్, చెప్త" అంది! నేను లేచి బయటికి పోబోతుంటే, "ఒక్క బ్యాచేంది సార్? రెండు పెట్టండి. పొద్దున నేను చెప్త, మాపటికి మా చెల్లె చెప్తది" అంది. అలా నాకు బోర్డు దొరికింది. ఆవిడ పుణ్యమా అని దొరికింది, అదీ నా మంట. మనసారా తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది మహాతల్లి.

అప్పటి నుంచి "రెండు పెట్టు" అన్న మాట ఆవిడకు ఊతపదమైపోయింది. నా టిఫిన్‌లో రెండు గిన్నెల కూర సర్దేది. "పక్కోళ్ళు ఒకటి తింటరు, నీకొకటి మిగలాలె" అనేది. మేం ఖమ్మం మారాక కూడా పచ్చడి జాడీలు రెండేసి పంపేది. నాకంటే బాగా పెట్టేది, ఏం చేస్తాం.

మూడో రోజు పిట్టకు పెట్టారు, పోయినవాళ్ళు కాకై వచ్చి తింటారని. బావగారు విస్తట్లో చిన్న ముద్ద పెట్టి దండం పెట్టుకున్నారు. కాకి గోడ మీద వాలింది కానీ దిగలేదు. కొడుకు దండం పెట్టాడు. దిగలేదు. "ఏదో కోరిక మిగిలిపోయింది" అన్నారెవరో. అందరినీ పిలుస్తున్నారు, నన్ను మాత్రం ఎవరూ పిలవరే! నాకు ఉక్రోషం ఆగలేదు. నేనే వెళ్ళి, ఇంకో ముద్ద చేసి మొదటిదాని పక్కన పెట్టాను.

"రెండు పెట్టిన అక్కా" అన్నాను.

కాకి దిగింది. నా ముద్దనే ముక్కున కరుచుకుని గోడ దాటి ఎగిరిపోయింది. మొదటిది విస్తట్లో అలాగే మిగిలింది.