నేను బతికించిన మెకానిక్

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషూ తెలుగూ రెండూ దంచేయడం వచ్చనే ధీమా ఒకటి ఉండేది. ఆ ధీమా చూసే కాబోలు, బెంగళూరులో ఒక చిన్న అనువాద సంస్థవాళ్ళు నన్ను చేర్చుకున్నారు. టీవీలో వస్తున్న ఒక అంతరిక్ష సీరియల్ కథంతా ముందే ఇంగ్లీషులో నవలగా వేశారు. దాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు. (ఫిజిక్సులో రెండుసార్లు తప్పానని నేనూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.)

యలహంకలో నా అద్దె గది కింద ఉండే ఇంటావిడను పెద్దమ్మ అనేవాణ్ణి. ఆవిడ మాట్లాడేది తెలుగే అయినా చదవడం కన్నడమే వచ్చు. ఆ సీరియల్ ఒక్క వారం కూడా వదిలేది కాదు. అందులో అంతరిక్ష నౌక మెకానిక్ నవ్వితే, లారీ ప్రమాదంలో పోయిన తన చిన్నకొడుకు నవ్వినట్టే ఉంటుందట. సాయంత్రం నేను మెట్లెక్కేలోపే పిలిచేది. "మావాడు ఎట్ల ఉండాడప్పా ఈ పొద్దు? చదువు." ఆ రోజు రాసిందంతా చదివి వినిపించేవాణ్ణి. కాంతివేగాలూ కృష్ణబిలాలూ వచ్చినంతసేపు అనపకాయల గింజలు ఒలుచుకునేది. మెకానిక్ మాట రాగానే ఆ చేతులు ఆగిపోయేవి.

ఇరవై రెండో అధ్యాయంలో మెకానిక్ చచ్చిపోయాడు. నౌకకు పడిన చిల్లు మూయబోయి బయటే ఉండిపోయాడు. ఎక్కడైనా ఊపిరి మిగిలిందేమోనని ఆ పేజీ నాలుగుసార్లు చదివాను. సాయంత్రం పెద్దమ్మ ముందు కూర్చుంటే నోరు రాలేదు. "తాడు పట్టి లోపలికి లాగేశారు పెద్దమ్మా. కాలికి దెబ్బ, అంతే" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు మనసొప్పక పుస్తకంలోనూ అలాగే రాసేశాను. (చివర్లో అతని సంతాపసభ ఉంటే, దాన్ని పుట్టినరోజు పండుగ చేశాను.)

ఆఫీసులో మా పెద్ద సారు మూలాన్నీ నా అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. "చచ్చినోడు కేకు ఎట్ల కోస్తాడయ్యా?" అన్నాడు. ఉద్యోగం పోయింది.

ఆ వారమే టీవీలోనూ మెకానిక్ పోయాడు. పెద్దమ్మకు ముఖం చూపించలేక రెండు రోజులు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. మూడో రోజు మోకాళ్ళ నొప్పులతో తనే పైకి వచ్చింది.

"అబద్ధం చెప్పితివి కదప్పా."

"తప్పయింది పెద్దమ్మా."

మంచం అంచున కూర్చుంది. "మావాడు పోయినప్పుడు ఫోన్లోనే చెప్పేసిరి. ఆస్పత్రికి చేరేదాకా అన్నా, కాలికి దెబ్బ అని చెప్పేవాడు ఒక్కడూ లేకపాయె" అంది. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు నేనూ ఒక పెద్ద సారునే. నా కింద పనిచేసే పిల్లల అనువాదాల్లో మూలంలో లేని మాట ఒక్కటి కనబడినా కేకలేస్తాను. అప్పటి నేనే వచ్చి ఉద్యోగం అడిగితే వారం కూడా ఉంచుకోను. పంపించేస్తాను గానీ, ఆ రోజిక నాకు పని సాగదు.